వలయం మధ్యలో గుంత

ఆ గుంతను పూడ్చింది నేనే. చెప్పు మడమతో రెండుసార్లు తొక్కి, పైన నాలుగు గోధుమ కాడలు సర్ది, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. ఇంత చిన్న పనికి ఇంత కథా అంటారేమో. అవును, ఇంత కథే అయింది.

నేను మైక్రోవేవ్ ఓవెన్లు బాగుచేస్తాను. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఓవెన్ గురించి జనానికున్న భయాలూ నమ్మకాలూ వినీ వినీ విసిగిపోయాను. తలుపు సందులోంచి కిరణాలు కారుతున్నాయని ఒకరు, పక్కింటి ఓవెన్ వల్ల మా పిల్లికి జుట్టు రాలుతోందని ఇంకొకరు. నాకు ముక్కు మీద కోపం. తెలియని సంగతి తెలిసినట్టు ఎవరైనా మాట్లాడితే మొహం మీదే చెప్పేస్తాను. ఈ గుణం వల్ల ఎంత గిరాకీ పోగొట్టుకున్నానో మా ఆవిడ అప్పుడప్పుడూ గుర్తుచేస్తూ ఉంటుంది. అలాంటి నేను ఆరు రోజులు నోరు కుట్టేసుకుని తిరిగాను. అదీ మామయ్య కోసం.

మామయ్య అంటే మా ఆవిడ తండ్రి. విత్తన పరీక్షా కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. బస్తాలోంచి నాలుగు వందల గింజలు లెక్కపెట్టి తీసి, తడి కాగితాల మీద పరిచి, చుట్ట చుట్టి, ఎన్ని మొలిచాయో, ఎన్ని వంకరగా మొలిచాయో, ఎన్ని చచ్చాయో రాసి సంతకం పెట్టడం ఆయన పని. ఆ సంతకం ఉంటే రైతులు కళ్లు మూసుకుని విత్తనం కొనేవాళ్లట. అత్తయ్య పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి ఆయన మా ఇంట్లో వెనక గదిలో ఉంటున్నారు. ఉంటున్నారంటే ఉంటున్నారంతే. పిలిస్తే వచ్చి కూర్చుంటారు, పెట్టినంత తింటారు, "టైమెంత?" అని అడుగుతారు, మళ్లీ గదిలోకి వెళ్లిపోతారు. రోజు మొత్తం మీద ఆయన నోటినుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. గోడ గడియారం ఆయన మంచానికి ఎదురుగానే ఉంది.

ఒక ఆదివారం పొద్దున్నే చిన్నమామయ్య ఫోన్ చేశారు. ఆయన మామయ్యకి సొంత తమ్ముడు. ఊరికి అరగంట దూరంలో గోధుమ పండిస్తారు.

"బాబూ, ఎవడో నా చేలో గోధుమని గుండ్రంగా పడుకోబెట్టి పోయాడు. అన్నయ్యని తీసుకుని ఓసారి రా. ఇక్కడ జనం ఒకటే గోల, వేరే గ్రహం వాళ్లు దిగారంటున్నారు. ఇంత భూమ్మీద వాళ్లకి దిగడానికి నా చేనే దొరికిందా?"

మామయ్య వస్తారనుకోలేదు. మా ఆవిడే చిన్నపిల్లాడికి చేసినట్టు చొక్కా మార్పించి కారెక్కించింది.

చేను నడుమెత్తు పెరిగి ఉంది. కంకులు పాలు పట్టాయి, కాడ ఇంకా పచ్చగానే ఉంది. మధ్యలో ఇరవై మీటర్ల వెడల్పున ఒక గుండ్రం. లోపలి గోధుమంతా ఒకే వైపుకి తిరిగి, దువ్విన జుట్టులా నేలకి అతుక్కుని పడి ఉంది. అంచు ఎంత ఖచ్చితంగా ఉందంటే, ఒక కాడ పడుకుంటే దాన్ని ఆనుకున్న కాడ నిటారుగా నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం నాకూ ఒళ్లు జలదరించింది. తర్వాత నా బుద్ధి నాకొచ్చి, తిన్నగా మధ్యలోకి నడిచాను. కాళ్ల దగ్గర ఒక నత్త తీరిగ్గా పాకుతోంది. దాన్ని దాటి కాడలు పక్కకి నెట్టి చూస్తే గుంత కనపడింది. బొటనవేలు పట్టేంత, గుండ్రంగా, శుభ్రంగా ఉంది. మేకు కొట్టారు, తాడు కట్టారు, చెక్క పలకతో తొక్కుకుంటూ చుట్టూ తిరిగారు. బళ్లో పిల్లలు కంపాస్‌తో సున్నా చుట్టినట్టే. రెండు నిమిషాల్లో తేలిపోయింది. గట్టు మీద ఉన్న జనమందరికీ వినపడేలా చెబుదామని నోరు తెరిచాను.

"అల్లుడుగారూ, ఇటు రండి. ఇది చూడండి."

మామయ్య గొంతు. ఆయన నాకు నాలుగడుగుల దూరంలో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. తాళంచెవుల గుత్తికి వేలాడే మడత భూతద్దాన్ని తెరిచి ఒక కాడ మీద పెట్టారు.

"కాడ కణుపు దగ్గరే వంగింది, చూశారా? విరగలేదు. తొక్కితే విరగాలి కదండీ. కణుపు కాస్త ఉబ్బినట్టు కూడా ఉంది. లోపలున్న నీరు ఒక్కసారిగా వేడెక్కి, మెత్తబడి వంగిపోయిందనుకోండి. నీటిని అలా వేడెక్కించేది మైక్రోవేవే కదా? పైనుంచి ఎవరైనా ఆ శక్తిని ఒకేచోటికి పంపితే ఇలా అవుతుందా, అవదా? ఇది మీ శాఖ. మీరే చెప్పాలి."

రెండేళ్ల తర్వాత ఆయన నోటినుంచి అన్ని మాటలు విన్నాను. గట్టు మీద మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నా పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఆయన లెక్కలో నేను స్క్రూలు బిగించేవాణ్ని. అలాంటి మనిషి ఇవాళ "మీ శాఖ" అన్నారు. గుంత ఉందని నేనిప్పుడు అరిస్తే ఆయన భూతద్దం మడిచి జేబులో వేసుకుంటారు, ఇంటికెళ్లి టైమెంత అని అడుగుతారు. ఆయన మళ్లీ కాడ మీదికి తల వంచగానే నా మడమ దానంతట అదే గుంత మీదికి కదిలింది.

"చూడాల్సిందే మామయ్యా," అన్నాను.

ఆయన పని మొదలుపెట్టారు. వలయంలోంచి యాభై కాడలు, బయట నిలబడి ఉన్నవాటిలోంచి యాభై కాడలు కోయించారు. వలయం కాడలు అపురూపమైనవి కదా, వాడిపోకూడదని తడి కాగితాల్లో చుట్ట చుట్టారు, జీవితమంతా గింజల్ని చుట్టినట్టే. పనిచేయని ఫ్రిజ్ ఒకటి నా షాపులో ఉంటే, లోపల వేడి మారకుండా నిలకడగా ఉంటుందని తెప్పించుకుని, చుట్టల్ని అందులో అరల మీద పడుకోబెట్టారు. బయటి కాడల్ని నీళ్లు పోసిన జగ్గులో నిలబెట్టి అదే ఫ్రిజ్‌లో కింద పెట్టారు. రోజూ పొద్దునా సాయంత్రం థర్మామీటర్ చూసి రాసుకునేవారు.

"కణుపుల పొడుగు ఎప్పుడు కొలుస్తారు?" అని అడిగాను.

"మొదటి లెక్క నాలుగో రోజండీ. గోధుమకి అంతే. తొందరపడి ముందే విప్పితే అంతా పాడవుతుంది."

సోమవారం ఆయన ఒక్కరే బస్సెక్కి పొలానికి వెళ్లొచ్చారు. అంచులు కొలిచారట, మధ్యలో వెతికారట. ఆ సాయంత్రమే తన పాత ఆఫీసుకి ఫోన్ చేశారు. ఇప్పుడక్కడ పెద్ద ఆఫీసరుగా ఉన్నావిడ ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్న మనిషి. "శనివారం పదింటికి మా నెల మీటింగ్ ఉంది సార్, వచ్చి చెప్పండి, మీ గొంతు విని ఎన్నాళ్లయిందో," అందట. ఆ మాట ఆయన మాకు మూడుసార్లు చెప్పారు. ఆ పూట రెండోసారి వడ్డించుకున్నారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేస్తూ ఏడ్చింది.

నేను మాత్రం మనసాగక, ఆదివారం చేలోంచి ఒక గుప్పెడు మంచి కాడలు షాపుకి తెచ్చుకున్నాను. వలయం బయటివే. సోమవారం వాటిలో సగం ఓవెన్లో పెట్టి చూశాను. కణుపులు టపటపమన్నాయి, కొన్ని పగిలాయి, బయటికి తీశాక గోధుమరంగుకి తిరిగి ముడుచుకున్నాయి. కణుపులు ఉబ్బడం మాట అటుంచి, తోటకూర కాడల్లా వేలాడాయి. మిగతా సగాన్ని తడిగుడ్డలో చుట్టి బల్ల మీద పడేసి మర్చిపోయాను. బుధవారం గుడ్డ విప్పి చూశాను. వేడి తగలని ఆ కాడలు ప్రతి కణుపు దగ్గరా పైకి వంగి ఉన్నాయి. కణుపు అడుగువైపు సాగి లావెక్కింది. పడుకోబెట్టిన కాడ బతికుంటే లేవడానికి చూస్తుంది, అంతే సంగతి. మామయ్య ఫ్రిజ్‌లో జరుగుతున్నది కూడా ఇదే. గురువారం ఆయన చుట్ట విప్పితే ఏం కనపడుతుందో నాకు ముందే తెలిసిపోయింది.

కూర్చుని లెక్క కూడా వేశాను. చదరపు మీటరు పచ్చి గోధుమ నాలుగు కిలోలు తూగుతుంది. కణుపు మెత్తబడేంత వేడెక్కించడానికి నా దగ్గరున్న మంచి ఓవెన్‌కి ఇరవై నిమిషాలు కావాలి. వలయం మూడు వందల పద్నాలుగు చదరపు మీటర్లు. ఒక్క ఓవెన్ అయితే నాలుగు రోజులు ఆగకుండా తిరగాలి. ఒక్క నిమిషంలో అయిపోవాలంటే ఆరు వేల పైచిలుకు ఓవెన్లు ఒకేసారి పనిచేయాలి. కాగితం మడిచి, ఆ కాడల్తో పాటు, మూలనున్న ఓ చచ్చిపోయిన ఓవెన్లో పెట్టి తలుపు మూశాను. ఓవెన్ల మెకానిక్ నిజాన్ని దాచుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది?

గురువారం మామయ్య చుట్టలు విప్పారు. వలయం కణుపులు బయటి కణుపుల కంటే ఒకటిన్నర రెట్లు పొడుగున్నాయి. ఆయన స్కేలు కింద పెట్టారు. "నేను అనుకున్నదే," అని నా భుజం తట్టారు. సాయంత్రానికి నోటుబుక్కులో వ్యాసం మొదటి పేజీ తెచ్చి చూపించారు. పైన ఆయన పేరు, కింద "సలహా: మైక్రోవేవ్ నిపుణుడు" అని నా పేరు. నిపుణుడు! మా అమ్మ కూడా నన్నెప్పుడూ ఆ మాట అనలేదు. మైక్రోవేవ్‌తో ఇది సాధ్యమా కాదా అన్నదాని మీద అర పేజీ రాసివ్వమన్నారు. నీళ్లు నములుతూ రాశాను. "అసాధ్యమని కొట్టిపారేయలేం" అన్న వాక్యం దగ్గర పెన్ను రెండుసార్లు ఆగింది. ఇంకెవరైనా ఆ ముక్క రాస్తే వాళ్ల గాలి తీసేసి ఉండేవాణ్ని.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన షాపుకొచ్చారు. గిరాకీ లేని సమయం. రేపటి వ్యాసం ఒకసారి వినమన్నారు. స్టూలు మీద కూర్చుని, అంశాల వారీగా, విత్తనాల రిపోర్టు చదివినట్టు చదువుకుంటూ పోయారు. గొంతు ఖంగున మోగుతోంది.

"ఆరో అంశం. వలయం కేంద్రంలో మేకు దిగిన గుంత గానీ ఇతర గుర్తులు గానీ లేవు. సోమవారం ఉదయం కాడలు తొలగించి, నేలను చేత్తో తడిమి, స్వయంగా పరిశీలించాను."

అరవై తొమ్మిదేళ్ల మనిషి, నిజం మీదున్న గౌరవంతో, తన వాదం తప్పేమోనని తానే అనుమానపడి, మోకాళ్ల మీద వంగి ఆ మట్టిని తడిమారు. ఆ మట్టిలో ఉన్నది నా మడమ చేసిన మోసం. ఇంకో ఇరవై గంటల్లో దాన్ని తన సంతకంతో పాతిక మంది ముందు చదవబోతున్నారు.

"మామయ్యా, గుంత ఉంది."

"లేదండీ. నేను చూశాను."

"ఉండేది. ఆదివారమే నేను పూడ్చేశాను."

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఎందుకు?"

"మీరు మాట్లాడుతున్నారని."

ఆయన నోటుబుక్కు మూశారు. "ఇంకా ఏమైనా దాచారా?" అన్నారు.

చచ్చిన ఓవెన్ తలుపు తెరిచి కాడలూ కాగితమూ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన భూతద్దం తెరిచారు.

"ఇవి ఎక్కడివి?"

"వలయం బయటివే. నిలబడి ఉన్నవాటిని కోశాను. సగం ఓవెన్లో ఉడికించాను, వీటికి వేడే తగల్లేదు. తడిగుడ్డలో పడుకోబెట్టానంతే."

"ఎన్ని రోజులు?"

"బుధవారానికి రెండు రోజులు. అప్పటికే లేచాయి."

"ఉడికించినవి?"

"అవి లేవలేదు మామయ్యా. బతికున్నవే లేచాయి."

స్కేలు తీసి ఒక్కో కణుపూ కొలిచారు. ఏడెనిమిది కొలిచాక చేయి ఆగింది. "వలయం కాడల్ని తడి చుట్టలో పడుకోబెట్టాను," అన్నారు నెమ్మదిగా, నాతో కాదు. "బయటి కాడల్ని జగ్గులో నిలబెట్టాను. కోసిన రోజు కొలవకుండా నాలుగో రోజు దాకా ఆగాను, గింజలకి ఆగినట్టు. పోల్చాల్సిన రెండింటికీ ఒకే పడక వేయండర్రా అని కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజు చెప్పేవాణ్ని నేను." తర్వాత నా కాగితం చదివారు. "ఆరు వేల ఓవెన్లు. వాటన్నిటి శక్తినీ పైనుంచి ఒకే కిరణంగా పంపితే?"

"పంపొచ్చేమో. కానీ మా ఓవెన్ అల పన్నెండు సెంటీమీటర్ల పొడుగుంటుంది. అంత లావు కుంచెతో వెంట్రుకవాసి గీత ఎలా గీస్తాం? అంచు దగ్గర సగం ఉడికినవీ, పావు ఉడికినవీ ఉండాలి. అక్కడ ఒకటి పడుకుంది, పక్కది నిలబడింది."

"ఇంకా పొట్టి అలలు వాడితే?"

"అంచు కాస్త పదునెక్కుతుంది. వేడి లెక్క మారదు. అదీకాక వేడికి మెత్తబడిన కాడ ఎటు పడితే అటు వాలుతుంది, అన్నీ ఒకే వైపుకి ఎందుకు తిరుగుతాయి? వేడి నెట్టదు మామయ్యా. పలక నెడుతుంది. ఆ రోజు వలయంలో ఒక నత్త కూడా కనపడింది. ఉడికిన చేలో నత్త షికారు చేస్తుందా?"

"బాగుంది," అన్నారు. "చాలా బాగుంది. ఇదంతా ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"లెక్క బుధవారం వేశాను. కాదని మాత్రం ఆదివారమే తెలుసు."

ఆయన కాగితాన్ని ఉన్న మడతల్లోనే మళ్లీ మడిచారు. "ముప్పై ఒక్క ఏళ్లలో నేను తప్పులు చేయలేదనుకున్నారా? గుట్టలు చేశాను. ప్రతీదీ రిజిస్టర్లో ఉంది, గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి. ఈ తడి చుట్టల తప్పు నాది, నేను దిద్దుకుంటాను. కానీ మీరు నాకు తప్పు నేల చూపించారే, దాన్ని నేనెలా దిద్దుకోను? నేను పనిచేస్తున్నాననుకున్నాను అల్లుడుగారూ. మీరు పేషెంటుని ఆడిస్తున్నారు."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కారులో దింపుతానంటే వద్దని, ఇంటిదాకా నడిచి వెళ్లారు.

సాయంత్రం నేను ఇంటికెళ్లేసరికి వెనక గది తలుపు మూసి ఉంది. గుంత సంగతి ఒక్క మా ఆవిడకే చెప్పి ఉన్నాను, నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"చెప్పేశారా?"

"చెప్పేశాను."

"అందరికీ నోటికొచ్చింది చెప్పే మనిషివి, ఒక్క ఆదివారం చెప్పి ఉంటే సరిపోయేది. లేదా ఇంకొక్క రోజు ఆగాల్సింది. మీకు ఏ పనైనా తప్పు టైములోనే గుర్తొస్తుందా?" అంది. కోపమొస్తే మా ఆవిడ మనిషివి నుంచి మీరు దాకా ఒకే ఊపిరిలో తిరుగుతుంది. భోజనానికి పిలిస్తే ఆయన ఆకలి లేదన్నారు. ఆ తలుపు బయట నిలబడి, ఆయన కనీసం టైమెంత అని అడిగినా బాగుండునని కోరుకున్నాను.

తెల్లారి ఆరింటికి మా గది తలుపు మీద చప్పుడైంది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నోటుబుక్కు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"టైమెంత?" అన్నారు.

నా ప్రాణం ఉసూరుమంది. "ఆరు, మామయ్యా."

"ఏడింటికి పొలంలో ఉండాలి. పదింటికి మీటింగ్. ఆ గుంత ఎక్కడుందో చూపిద్దురు గాని, పదండి."

దారంతా ఆయన నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపే చూశారు. నేను రేడియో పెట్టే సాహసం చేయలేదు. పొలం చేరేసరికి చిన్నమామయ్య గట్టు మీదున్నారు. వలయాన్ని చూసి ఇద్దరం ఆగిపోయాం. పోయిన ఆదివారం నేలకి అతుక్కున్న గోధుమ ఇప్పుడు కణుపు కణుపు దగ్గరా వంగి, కంకులు పైకెత్తి ఉంది.

"ఇదేమిట్రా తమ్ముడూ?" అన్నారు మామయ్య.

"ఏముంది అన్నయ్యా. గాలివానకి పడిన గోధుమ నాలుగైదు రోజుల్లో తల ఎత్తుతుంది. పచ్చిగా ఉంటే చాలు. ప్రతి ఏడాదీ చూస్తాను."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? మీరిద్దరూ భూతద్దాలూ ఓవెన్లూ అంటుంటే, ఏదో పెద్ద సంగతేమో అనుకున్నాను."

మామయ్య నవ్వారు. నావైపు చూడకుండా నవ్వారు కానీ, నవ్వారు. "నాది గింజల పని. కాడ ఏం చేస్తుందో కాడలు పండించేవాణ్ని అడగాలి," అని అది కూడా రాసుకున్నారు.

గుంత దొరకడానికి పావుగంట పట్టింది. స్క్రూడ్రైవర్ మొనతో నేలను పొడుచుకుంటూ పోతే ఒకచోట మట్టి వదులుగా తగిలింది. గోళ్లతో తవ్వాను.

"ఎంత లోతు?" అన్నారు మామయ్య.

"వేలు మొత్తం దిగింది, ఇంకా ఉంది."

"వేలు కొలత కాదు." స్కేలు ఇచ్చారు. పదకొండు సెంటీమీటర్లు. మోకాళ్ల మీద నేనున్నాను, పైన నిలబడి ఆయన రాసుకున్నారు.

మీటింగ్ గదిలో పాతికమంది దాకా ఉన్నారు. పొడుగాటి బల్లలు, గింజల వాసన, గోడ వారగా మొలకల పెట్టెలు. ఆఫీసరమ్మ లేచి ఎదురొచ్చి ఆయన్ని తన కుర్చీలో కూర్చోబెట్టబోతే వద్దని నిలబడే చదివారు. వ్యాసం పేరు మార్చేశారు. "మైక్రోవేవ్ శక్తి గోధుమ వలయాన్ని చేయగలదా: నేను చేసిన ఒక తప్పు పరిశీలన." తడి చుట్టల సంగతి చెప్పినప్పుడు వెనక వరసలో కుర్రాళ్లు నవ్వారు. ఆయన ఆగి, "నవ్వండి, కానీ మీ జగ్గులు ఎలా పెట్టారో ఈ సాయంత్రం చూసుకోండి," అన్నారు. నవ్వు ఆగిపోయింది. నా ఆరు వేల ఓవెన్ల లెక్క, పన్నెండు సెంటీమీటర్ల అల, నత్త, తమ్ముడి మాట, ఒక్కటీ వదల్లేదు. చేసిందెవరో తెలియదని, మేకు కొట్టిన మనుషులని మాత్రం తెలుసని అన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను. ఓడిపోయిన వాదాన్ని చదువుతున్న మనిషిలా లేరు. గొంతు నిన్నటికన్నా ఖంగుమంటోంది. ఈ మనిషి నిజం వింటే కూలిపోతాడని నేనెలా అనుకున్నాను?

"ఆరో అంశం," అని నోటుబుక్కు ఎత్తి అందరికీ చూపించారు. పాత వాక్యం మీద ఒకే ఒక గీత, కింద అక్షరాలు చదవడానికి వీలుగా. పక్కన "గుంత ఉంది, లోతు 11 సెం.మీ." అని ఉంది. "ఇక్కడి పద్ధతి మీ అందరికీ తెలుసు. తప్పుని చెరపం. గీత కొడతాం. తప్పు ఎవరిదైతే వాళ్లు పక్కన సంతకం పెడతారు. ఈ పేజీలో మిగతావన్నీ నావి, పెట్టాను. ఈ ఒక్కటీ నాది కాదు."

పెన్ను మూత తీసి నావైపు చాచారు.

పాతికమంది తలలు తిప్పారు. మూడో వరసలోంచి లేచి బల్ల దాకా వెళ్లాను. ఆఫీసరమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. నోటుబుక్కు మీదికి వంగాను. సంతకం పెట్టాల్సిన చోటు ఆయన వేలితో చూపించారు. ఎదుటి పేజీ వ్యాసం మొదటి పేజీ. అక్కడ ఇంకో గీత కనపడింది. "మైక్రోవేవ్ నిపుణుడు" అన్న మాటల మీద, అడ్డంగా, ఒకే ఒక్క గీత. దాని పైన ఆయన గుండ్రటి అక్షరాల్లో "అల్లుడు" అని ఉంది. పక్కన ఆయన పొడి సంతకం, ఇవాళ్టి తేదీ.

అది తిట్టో కాదో నాకప్పుడు తెలియలేదు. తలెత్తి చూస్తే ఆయన నావైపే చూస్తున్నారు, నిన్న మధ్యాహ్నం తర్వాత మొదటిసారి.

"సరిగ్గా దిద్దానా?" అన్నారు, నాకొక్కడికే వినపడేలా.

"సరిగ్గానే దిద్దారు మామయ్యా," అని సంతకం పెట్టాను.